ఒక డిటెక్టివ్, ఇరవై నవలలు, మూడు గొంతులు

2014 ఆగస్టు ఆఖర్లో కెనడా రచయిత్రి లూయిస్ పెన్నీ పదో డిటెక్టివ్ నవల ‘ద లాంగ్ వే హోమ్’ విడుదలైంది. ఎప్పటిలాగే పుస్తకంతో పాటు ఆడియోబుక్ కూడా వచ్చింది. ఎప్పటిలాగే దాన్ని చదివింది రాల్ఫ్ కాషమ్. నెల తిరిగిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 30న, కాషమ్ కన్నుమూశారు. అప్పటికి పది నవలలుగా చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఆర్మాన్ గమాష్‌కు గొంతు ఆయనదే. రచయిత్రి ఉన్నారు, తర్వాతి నవలా వస్తుంది, కథ ఆగదు. అయినా గమాష్‌ను చెవులతో ఎరిగిన వాళ్లకు ఇంట్లో మనిషి పోయినట్టే అయింది.

నేను ఈ సిరీస్‌లోకి వచ్చేసరికే కాషమ్ లేరు. ఆ సంగతి తెలిసే వినడం మొదలుపెట్టాను. మొదటి నవల ‘స్టిల్ లైఫ్’ వింటున్నప్పుడు అది పెద్దగా పట్టలేదు. సగం దాటాక పట్టింది, ఈ గొంతుతో ఇక కొన్నే మిగిలాయన్న లెక్క మనసులో మొదలైంది. పదో నవలను కావాలనే నెమ్మదిగా విన్నాను. హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రం కన్నా ఆ గొంతు ఇంకొన్నాళ్లు తోడుండాలన్న ఆశ ఎక్కువైంది. అపరాధ పరిశోధన నవలకు ఇది తలకిందుల వ్యవహారం. ఆ నవలలు ముగింపు కోసం పరుగెత్తించడానికే పుట్టాయి. ముగింపు రాకుంటే బాగుండునని అనిపించిందంటే అందులో రాతకెంత వాటా, గొంతుకెంత వాటా?

నాకు తోచింది చెబుతాను. ఏళ్ల తరబడి సాగే డిటెక్టివ్ సిరీస్‌లో హత్య మనల్ని లోపలికి పిలిచే సాకు. ఒకసారి లోపలికి వెళ్లాక మళ్లీ మళ్లీ వెళ్లేది అక్కడి మనుషుల కోసం. కాగితం మీద చదివేటప్పుడు ఈ సంగతి సగమే తెలుస్తుంది, కన్ను ఎప్పుడూ ముందు పేజీ మీదే ఉంటుంది గనుక. వింటున్నప్పుడు పూర్తిగా తెలుస్తుంది.

మ్యాపులో లేని ఊరు

గమాష్ కథలకు కేంద్రం త్రీ పైన్స్ అనే పల్లెటూరు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలో, మాంట్రియల్‌కు దక్షిణాన, అమెరికా సరిహద్దుకు చేరువలో, ‘ఈస్టర్న్ టౌన్‌షిప్స్’ అనే కొండల ప్రాంతం ఉంది. అది నిజమైన చోటు. లూయిస్ పెన్నీ ఉండేది అక్కడి నౌల్టన్ ఊళ్లోనే. త్రీ పైన్స్ మాత్రం కల్పన. నవలల్లో కూడా అది ఏ మ్యాపులోనూ కనిపించదు, దారి తప్పిన వాళ్లకే ఎదురవుతుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో బ్రిటిష్ రాజు పక్షాన నిలిచిన వాళ్లు ఉత్తరానికి పారిపోయి వస్తుంటే, ‘ఇక్కడ మీకు భయం లేదు’ అని చెప్పే గుర్తుగా మూడు పైన్ చెట్లు నాటారని కథలో చెబుతారు. తలదాచుకోవడానికి వచ్చిన వాళ్ల ఊరు కదా, ఇప్పటికీ అక్కడి జనమంతా ఎక్కడో దెబ్బ తిని వచ్చిన వాళ్లే.

మాంట్రియల్‌లో సైకాలజిస్టు ఉద్యోగం వదిలేసి వచ్చి పాత పుస్తకాల షాపు పెట్టుకున్న మర్నా. బిస్ట్రో నడిపే ఒలివియే, గాబ్రి. జుట్టులో తిండి ముక్కలు అంటుకున్నా పట్టించుకోకుండా బొమ్మలు వేసుకునే చిత్రకారిణి క్లారా, ఆమె ప్రతిభ పెరిగే కొద్దీ లోలోపల కుంచించుకుపోయే భర్త పీటర్. అందరికన్నా మించి రూత్ జార్డో. దేశం మెచ్చిన కవయిత్రి, ఊరు భయపడే ముసలావిడ. నోరు విప్పితే తిట్టే. ఆమె చంకలో రోసా అనే బాతు. ఆ బాతు అరుపు కూడా బూతుమాటలాగే వినిపిస్తుందని రచయిత్రి పదే పదే చెబుతుంది. పేజీ మీద అది ఒక చమత్కారం. చెవిలో పడితే రోడ్డు మీద నడుస్తూ నవ్వాల్సి వస్తుంది.

ఇక గమాష్. క్యూబెక్ రాష్ట్ర పోలీసు దళం పేరు స్యూర్తే. అందులో హత్యల విభాగానికి అతను అధిపతి. కథ మొదలయ్యేటప్పటికి యాభయ్యో పడి మధ్యలో ఉంటాడు. డిటెక్టివులంటే మనకు అలవాటైన లక్షణాలు అతనిలో లేవు. హోమ్స్‌కు కొకెయిన్ ఉంది, ఎడిన్‌బరో ఇన్‌స్పెక్టర్ రీబస్‌కు మందు ఉంది, లాస్ ఏంజెలెస్ బాష్‌కు ఒంటరితనం ఉంది. గమాష్‌కు భార్య రెన్-మరీ ఉంది. ఆమెను అతను ప్రేమిస్తాడు, ఆమె అతన్ని ప్రేమిస్తుంది, సాయంత్రం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. సుఖంగా కాపురం చేసుకునే మనిషి హత్యల మధ్య బతకడం ఎలా అన్నదే అతని కథ. కొత్తగా చేరిన ప్రతి పోలీసుకూ అతను నాలుగు సంగతులు నేర్పుతాడు: తెలియనిది తెలియదని ఒప్పుకోవడం, సాయం అడగడం, క్షమాపణ చెప్పడం, తప్పు చేశానని అనగలగడం. పోలీసు కథల్లో ఇంత మెత్తని పాఠం నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ పాఠం నేర్వలేని వాళ్ల వల్ల స్యూర్తే లోపల ఎంత కుళ్లు పేరుకుందో మొదటి తొమ్మిది నవలల్లో కొంచెం కొంచెంగా బయటపడుతుంది. హత్య ఏ నవలకు ఆ నవలలో తేలిపోతుంది. ఈ పెద్ద కథ మాత్రం తేలదు, పుస్తకం నుంచి పుస్తకానికి పాకుతుంది.

ఈ మనిషికి కాషమ్ గొంతు కుదరడంలో ఒక విశేషం ఉంది. గమాష్ మాతృభాష ఫ్రెంచి. ఇంగ్లిష్ మాత్రం కేంబ్రిడ్జిలో చదువుకునేటప్పుడు నేర్చుకున్నాడు. అందుకే అతని ఇంగ్లిష్‌లో బ్రిటిష్ యాస పలుకుతుంది, కొత్తవాళ్లు అది విని ఆశ్చర్యపోతుంటారు. కాషమ్ పుట్టింది బ్రిటన్‌లో, స్థిరపడింది అమెరికాలో. కథలో గమాష్‌కు ఉన్న యాసే చదివే మనిషికీ ఉంది. పుస్తకం కోరిన గొంతే పుస్తకానికి దొరికింది.

ఊరంతా ఒక్కడే

కాషమ్ మొదట పాత్రికేయుడు. తర్వాత రంగస్థల నటుడయ్యారు, ఆ తర్వాత పుస్తకాలు చదివారు. కొన్నింటికి జెఫ్రీ హోవర్డ్ అనే మరో పేరుతో గొంతు ఇచ్చారు. నటుడే అయినా ఆయన వాచకంలో నటన కనపడదు. మిమిక్రీ అసలు లేదు. ఆడవాళ్ల మాటలకు గొంతు సన్నం చేయరు. రూత్ మాట్లాడితే కాస్త గరుకు, గాబ్రి మాట్లాడితే కాస్త ఉత్సాహం, గమాష్ సహాయకుడు ఝాన్-గీ బోవార్ మాట్లాడితే వాక్యం చివర చిరాకు. అంతే. హరికథ చెప్పే దాసుగారు ఒక్కరే రాముడూ సీతా రావణుడూ అవుతారు కదా, చేతిలో చిడతలు తప్ప వేషం లేకుండా. అలాంటి పని ఇది. కాకపోతే దాసుగారికి ముఖం ఉంది, కాళ్లకు గజ్జెలున్నాయి, ఎదురుగా జనం ఉన్నారు. గది మధ్య మైకు ముందు కూర్చున్న మనిషికి ఇవేవీ లేవు.

డిటెక్టివ్ నవల చదవడంలో ఇంకో కష్టం ఉంది, ప్రేమకథ చదివేవాళ్లకు అది రాదు. హంతకుడు మొదటి అధ్యాయం నుంచీ అందరితో పాటే కాఫీ తాగుతూ మాట్లాడుతుంటాడు. చదివే మనిషికి అతనెవరో తెలుసు. తెలిసి కూడా అతని మాటలో ఒక్క పిసరు బరువు పెంచకూడదు, తగ్గించకూడదు. తగ్గించినా చెవి పట్టేస్తుంది. ఆధారమూ అంతే. పుస్తకంలో రచయిత్రి కీలకమైన ఆధారాన్ని బిస్ట్రోలో వడ్డించిన సూప్ వర్ణన పక్కన దాచిపెడుతుంది. కన్ను దాని మీదుగా జారిపోతుంది. చదివే గొంతు అక్కడ ఒక్క క్షణం తడబడినా గుట్టు రట్టే. కాషమ్ ఆ సూప్‌ను ఎంత ఇష్టంగా చదువుతారో ఆధారాన్నీ అంతే ఇష్టంగా చదివి వెళ్లిపోతారు. నవల పూర్తయ్యాక వెనక్కి వెళ్లి మళ్లీ వింటే, అన్నీ మన చెవిలో పడ్డవే. మోసం ఎక్కడా లేదు. ఇంత నిజాయితీగా చదవడం నాకు గొప్ప విద్యగా అనిపిస్తుంది.

వినడంలో వేగం చాలావరకు మన చేతిలో ఉండదు. మామూలుగా ఆడియోబుక్ చదివే తీరు నిమిషానికి సుమారు 150 మాటలు. మౌనంగా చదివేవాడు అంతకన్నా చాలా త్వరగా వెళ్తాడు, విసుగు పుట్టిన చోట పేరాలు దాటేస్తాడు, ఉండబట్టలేకపోతే ఆఖరి పేజీ తిప్పి చూస్తాడు. చెవికి ఆ దారులన్నీ మూసుకుపోతాయి. ముందుకు జరపడానికి మీట ఉంది నిజమే, కానీ ఎంత జరపాలో తెలియదు. అందుకని మంచు కురవడం పూర్తిగా కురుస్తుంది. భోజనం పూర్తిగా జరుగుతుంది. ఇద్దరు స్నేహితుల మధ్య మాట పడిన తర్వాత వచ్చే ఇబ్బందికరమైన మౌనం కూడా ఉండాల్సినంతసేపు ఉంటుంది. పది పన్నెండు గంటల నవలలో హత్య గురించి మాట్లాడే సమయం ఎంతని చూస్తే, మిగిలిన బతుకే ఎక్కువ. రికార్డింగును ఒకటిన్నర రెట్లు వేగంగా తిప్పుకుని వినేవాళ్లున్నారు. వార్తలు అలా వినొచ్చు. ఈ నవలలను అలా వింటే దక్కేది హంతకుడి పేరొక్కటే.

చెవి కోసం రాసిన వాక్యం

లూయిస్ పెన్నీ నవలా రచనకు ముందు 18 ఏళ్లు కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీలో రేడియో పాత్రికేయురాలు. మొదటి నవల 2005లో వచ్చేనాటికి ఆమెకు నలభై ఆరు, నలభై ఏడేళ్లు. ఆమె వాక్యం రేడియోలో పుట్టిన వాక్యం. చిన్నది. ఒక్కోసారి ఒక్క మాటే. క్రియ ఉండదు, కర్త ఉండదు, పేరా తెంచి ఇంకో మాట. అచ్చులో చూసే విమర్శకులు కొందరికి ఈ తెగిన వాక్యాలు నచ్చవు, నాక్కూడా పేజీ మీద చూస్తే ముక్కలు ముక్కలుగా అనిపించింది. గొంతులో వింటే వాటి అవసరం అర్థమవుతుంది. అవి ఊపిరి తీసుకునే చోట్లు. పాఠకుడు మరచిపోయిన విరామాన్ని రచయిత్రి ముందే రాసిపెట్టింది.

పేర్ల సంగతీ ఉంది. మనలో చాలామంది పరాయి భాష నవలలు చదివేటప్పుడు పేర్లను పలకం, అక్షరాల ఆకారాన్ని గుర్తుపెట్టుకుని సాగిపోతాం. ఫ్రెంచి పేర్లయితే మరీను, రాసిన అక్షరాల్లో సగం పలకరు. వింటే ఆ తడబాటు ఉండదు. ఊళ్ల పేర్లూ, మనుషుల పేర్లూ, తినేవాటి పేర్లూ మొదటి రోజునుంచే నోటికి వస్తాయి. నోటికి వచ్చిన పేరే చుట్టరికం కలుపుతుంది.

ఇరవై నవలల్లో వినడానికే పుట్టిందేమో అనిపించేది ఆరోది, 2010లో వచ్చిన ‘బరీ యువర్ డెడ్’. క్యూబెక్ నగరంలో చలికాలపు ఉత్సవం రోజులు. గాయపడిన గమాష్ సెలవులో, తన గురువు ఇంట్లో ఉంటాడు. ఊళ్లో ఇంగ్లిష్ వాళ్ల పాత గ్రంథాలయం ‘లిటరరీ అండ్ హిస్టారికల్ సొసైటీ’ నేలమాళిగలో శవం దొరుకుతుంది. ఆ సొసైటీ నిజంగానే ఉంది, 1824లో ఏర్పడింది, అది ఉన్న భవనం ఒకప్పటి జైలు. చనిపోయినవాడు నగర స్థాపకుడు సామ్యూల్ ద షాంప్లేన్ సమాధి కోసం జీవితమంతా తవ్వుకున్న మనిషి. 1608లో నగరాన్ని స్థాపించిన ఆ షాంప్లేన్‌ను ఎక్కడ పాతిపెట్టారో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఫ్రెంచివాళ్లకు ప్రాణప్రదమైన ఆ సమాధి ఇంగ్లిష్ వాళ్ల గ్రంథాలయం కింద బయటపడితే ఏమవుతుంది? రెండు భాషల మధ్య నలిగే నగరంలో అది మామూలు ప్రశ్న కాదు. భాష పేరిట రాష్ట్రాలు కోరుకున్న మనకు ఆ ఉద్రిక్తతను ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇది పైకథ. దాని కింద ఇంకో కథ ఉంది. కొద్ది వారాల ముందు, గమాష్ దళంలో కొత్తగా చేరిన కుర్రాడు పాల్ మోరాన్‌ను ఎవరో బందీగా పట్టుకున్నారు. గడువు 24 గంటలు. ఫోన్ కలిపి ఉంది. ఆ కుర్రాడు మాట్లాడుతూనే ఉండాలి, గమాష్ చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని వింటూనే ఉండాలి. కుర్రాడు ఏం మాట్లాడతాడు? వాళ్ల అమ్మానాన్నల గురించి, చేసుకోబోయే పిల్ల గురించి, వాయించే ఫిడేలు గురించి. పక్కన అంతా ఉరుకులు పరుగులు, చెవిలో మాత్రం ఈ చిన్న చిన్న కబుర్లు. అతను ఏమయ్యాడో చెప్పను. సెలవులో మంచు వీధుల్లో నడుస్తున్న గమాష్ చెవిలో ఆ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది, అంతవరకు చెబుతాను. ఈ ఘట్టాన్ని నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తూ విన్నాను. గమాష్ చెవిలో ఒక గొంతు, నా చెవిలో ఒక గొంతు. పుస్తకం చేతిలో పట్టుకుని చదివినవాళ్లకు ఆ దగ్గరితనం ఇంత సూటిగా అంది ఉండదని నమ్ముతాను. వింటూ వింటూ ఆగిపోయి రోడ్డు పక్క అరుగు మీద కూర్చున్నాను. మిగతా అధ్యాయం కూర్చునే విన్నాను.

ఎనిమిదోది ‘ద బ్యూటిఫుల్ మిస్టరీ’ కథ కూడా గొంతుల గురించే. క్యూబెక్ అడవుల్లో, సరస్సు ఒడ్డున, బయటి మనుషులకు ప్రవేశం లేని మఠం. ఇరవై నాలుగు మంది సన్యాసులు. మాటలు తక్కువ, పాడటమే జీవితం. వెయ్యేళ్ల నాటి గ్రెగోరియన్ స్తుతిగీతాలను వాళ్లు పాడి రికార్డు చేస్తే ప్రపంచమంతా విరగబడి కొంటుంది. ఆ కీర్తే మఠాన్ని రెండుగా చీలుస్తుంది. ఇంకో రికార్డు చేయాలనేవాళ్లు కొందరు, వద్దనేవాళ్లు కొందరు. బృందాన్ని పాడించే సన్యాసి హతమవుతాడు. మౌనం పాటించే మనుషులను ప్రశ్నించాల్సిన డిటెక్టివ్ ఏం చేయాలి? వాళ్ల పాట వినాలి. ఏ గొంతు ఏ గొంతుకు ఎడంగా ఉందో పట్టుకోవాలి. ఈ నవల చదివినందుకే కాషమ్‌కు 2013లో అమెరికా ఆడియోబుక్ పరిశ్రమ ఇచ్చే ఆడీ పురస్కారం మిస్టరీ విభాగంలో వచ్చింది. తగిన నవలకే వచ్చింది.

గొంతు మారితే మనిషి మారతాడా?

2015లో పదకొండో నవల ‘ద నేచర్ ఆఫ్ ద బీస్ట్’ వచ్చింది. అమెరికా రికార్డింగులో చదివింది రాబర్ట్ బాథర్స్ట్. ‘డౌన్‌టన్ ఆబీ’ సీరియల్ చూసినవాళ్లకు సర్ ఆంథొనీ స్ట్రాలన్‌గా ఈ ఆంగ్ల నటుడు తెలుసు. మంచి నటుడు, మంచి వాచకం. అయినా మొదటి గంట నాకు పరాయి ఇంట్లో ఉన్నట్టు అనిపించింది. అవే పేర్లు, అదే బిస్ట్రో, అదే బాతు. గమాష్ మాత్రం కాస్త పడుచువాడయ్యాడు, బోవార్ మాటలో లండన్ వీధి వినిపించింది. కాషమ్ పాత్రలకు ఒక అడుగు వెనక నిలబడి చెప్పేవారు, బాథర్స్ట్ పాత్రల్లోకి దిగుతారు. రూత్‌తో ఆయన నిజంగా తిట్టిస్తారు. సగం నవల అయ్యేసరికి నా చెవి రాజీపడింది. రెండో నవలకు ఆయన్ని ఇష్టపడ్డాను. ‘గ్లాస్ హౌసెస్’లో కోర్టు సీను వింటున్నప్పుడు దీన్ని కాషమ్ అయితే ఎలా చదివేవారో అన్న ఆలోచన కూడా రాలేదు.

అలవాటు పడటం అంటే పాతది మరచిపోవడం అని కొందరు నొచ్చుకుంటారు. నాకలా అనిపించదు. ఈ కథలోనూ ఆ సరికి అన్నీ మారుతున్నాయి. గమాష్ ఉద్యోగం మారింది, ఊరు మారింది, దగ్గరి మనుషులు కొందరు దూరమయ్యారు. రచయిత్రి జీవితం ఇంకా ఎక్కువ మారింది. ఆమె భర్త మైకేల్ వైట్‌హెడ్ మాంట్రియల్ చిన్నపిల్లల ఆసుపత్రిలో రక్తవ్యాధుల వైద్యులు. గమాష్‌లోని దయ, నిబ్బరం ఆయన నుంచి తీసుకున్నవేనని ఆమె చాలాసార్లు చెప్పారు. ఆయనకు మతిమరుపు వ్యాధి వచ్చింది, 2016 సెప్టెంబరులో పోయారు. ఇక ఈ నవలలు రాయలేనని ఆమె అనుకున్నారు. రాశారు. ఆ తర్వాతి నవలల్లో గమాష్, రెన్-మరీ మాట్లాడుకునే ప్రతి మామూలు సాయంత్రం వెనకా ఈ సంగతి తెలిసి వింటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

బాథర్స్ట్ ఎనిమిది నవలలు చదివారు. 2024లో పంతొమ్మిదోది ‘ద గ్రే వుల్ఫ్’తో గొంతు మళ్లీ మారింది. ఈసారి ఝాన్ బ్రాసార్, క్యూబెక్‌లోనే పుట్టిన నటుడు. ఇక్కడ నేను పూర్తిగా తేల్చుకోలేకపోయిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ నవలల్లో చాలా సంభాషణలు నిజానికి ఫ్రెంచిలో జరుగుతాయి, మనకు ఇంగ్లిష్‌లో వినిపిస్తాయి. వాటిని బ్రిటిష్ గొంతు చదివితే కేంబ్రిడ్జి గమాష్ దొరుకుతాడు, ఆ నేల వాసన పోతుంది. క్యూబెక్ గొంతు చదివితే ఊళ్ల పేర్లు, తిట్లు, ముద్దుపేర్లు అన్నీ సొంత ఇంటికి వచ్చినట్టు పలుకుతాయి. బోవార్ మొదటిసారి బోవార్‌లా వినిపిస్తాడు. కానీ గమాష్ తన భాషలోనే తాను ఆలోచించుకునేటప్పుడు అతనికి యాస ఎందుకుండాలి? మన గోదావరి నవలను ఇంగ్లిష్‌లో చదివించాలంటే లండన్ గొంతు కావాలా, రాజమండ్రి యాస తగిలిన గొంతు కావాలా? రాజమండ్రి గొంతే కావాలని నేను వాదిస్తాను. ఆ లెక్కన బ్రాసార్‌ను ముందే పిలిచి ఉండాల్సింది. అయినా చెవి కాషమ్ వైపే మొగ్గుతుంది. మొదట విన్న గొంతుకు ఉండే హక్కును వాదనతో తీసేయలేం.

ఇంకొన్ని జతలు

సిరీస్‌కూ గొంతుకూ ఇలా ముడిపడిన కథలు ఇంకా ఉన్నాయి. పొయిరో నవలలను చదివిన హ్యూ ఫ్రేజర్, డేవిడ్ సుషే నటించిన టీవీ సీరియల్‌లో పొయిరో మిత్రుడు హేస్టింగ్స్. పక్కన నిలబడి చూసినవాడే కథ చెబుతున్నట్టుంటుంది. బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన మా రమోత్స్వేను దక్షిణాఫ్రికాలో పుట్టిన లిజెట్ లెకా గొంతులో వినాలి. కాగితం మీద కంటపడే ‘మా’ అన్న గౌరవపదం ఆమె పలికితే, మనం ‘అమ్మగారు’ అనడంలో ఉన్న మర్యాదంతా వినిపిస్తుంది. సిమెనాన్ రాసిన మెగ్రే నవలలు 75. పెంగ్విన్ వాటన్నిటినీ కొత్తగా అనువదింపజేస్తే గారెత్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివారు. ఒక్కోటి నాలుగైదు గంటలే, విజయవాడ నుంచి హైదరాబాద్ ప్రయాణంలో ఒక కేసు తేలిపోతుంది.

సూ గ్రాఫ్టన్‌ది వేరే కథ. 1982లో ‘ఎ’ అక్షరంతో మొదలుపెట్టి, ఒక్కో నవలకు ఒక్కో అక్షరం చొప్పున, కిన్సీ మిల్‌హోన్ అనే మహిళా డిటెక్టివ్‌ను నడిపించారు. జూడీ కే గొంతులో అవి ఆడియోగా వచ్చాయి. 2017లో ‘వై’ విడుదలైంది. అదే ఏడాది డిసెంబరులో గ్రాఫ్టన్ మరణించారు. ‘జెడ్’ లేదు. వేరెవరితోనూ రాయించబోమని, తమ ఇంట్లో ఇక అక్షరమాల ‘వై’తోనే ఆగుతుందని కుటుంబం ప్రకటించింది. అక్కడ గొంతు మిగిలింది, చదవడానికి కథ మిగల్లేదు.

యుగంధర్‌కు ఎవరి గొంతు?

ఇదంతా విన్నాక నా మనసు మన డిటెక్టివ్ నవలల రచయిత కొమ్మూరి సాంబశివరావు మీదికి పోతుంది. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. ఆ పాకెట్ పుస్తకాలను అద్దెకు తెచ్చుకుని, రేపటికల్లా తిరిగి ఇచ్చేయాలన్న తొందరలో, ఒకరి భుజం మీదుగా ఒకరు చదివిన తరం మనకుంది. చదువు రాని ఇంటి పెద్దలకు వారపత్రికల సీరియళ్లు పైకి చదివి వినిపించిన పిల్లలున్నారు. రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రం వింటూ సినిమా మొత్తాన్ని కళ్లు మూసుకుని చూసిన జాతి మనది. వినడం మనకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. దాసుభాషితం లాంటి వేదికలు తెలుగు సాహిత్యాన్ని చెవికి చేరుస్తున్నాయి కూడా. నేను కోరుకునేది ఇంకొంచెం ముందుకు: యుగంధర్ నవలలన్నీ వరసగా, ఒకే గొంతులో, తొందరపడకుండా. ఆ గొంతు కాస్త వయసు మళ్లినదై ఉండాలి. ఆ రోజుల మద్రాసు తెలుగు తెలిసినదై ఉండాలి. రాజు మాటల్లో హుషారు పలకాలి, యుగంధర్ మాటలో తొణకనితనం ఉండాలి. హంతకుడి వాక్యం దగ్గర తడబడకూడదు. అలాంటి వాచకం ఉన్న రేడియో నటులు, రంగస్థల నటులు మన మధ్య ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే ఈ పని జరగాలి. కాషమ్ ఉదంతం విన్నాక నాకు ఇది ఇంకా తొందర పనిగా అనిపిస్తోంది.

గమాష్‌తో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. వరసలోనే వినండి. ‘స్టిల్ లైఫ్’ మెల్లగా సాగుతుంది, ఊరిని పరిచయం చేసే నవల అది. రెండోది ‘ఎ ఫేటల్ గ్రేస్’ అంత బలంగా ఉండదు, హత్య జరిగిన తీరు నమ్మడం కష్టం, అయినా అందులో పడ్డ ఒకటి రెండు విత్తనాలు తర్వాత మొలుస్తాయి కనుక దాటేయకండి. 2022లో వచ్చిన ‘త్రీ పైన్స్’ వెబ్ సిరీస్‌లో ఆల్ఫ్రెడ్ మోలీనా గమాష్‌గా బాగానే నటించారు, కానీ దాన్ని తర్వాత చూడండి. ముందు చూస్తే ఆ ముఖం చెవికి అడ్డం వస్తుంది. ఐదోది ‘ద బ్రూటల్ టెల్లింగ్’ దగ్గర సిరీస్ గాఢమవుతుంది, మనకు బాగా కావాల్సిన మనిషి మీదే అనుమానం పడుతుంది. అది అయ్యాక రెండు రోజులు ఆగాలనిపిస్తే ఆగండి. ఆరోదాన్ని మాత్రం ఐదోది వినకుండా ముట్టుకోకండి.